పదేళ్ళుగా కదలని 1035: ఎక్కడ మొదలుపెట్టాలి?

దివిసీమోడు
మా తాత కొన్న మాసీ ఫెర్గూసన్ 1035 పశువుల కొట్టంలో పదేళ్ళ పైనుంచి అలాగే ఉంది. ఆయన ఉన్నన్నాళ్ళూ పని లేకపోయినా అప్పుడప్పుడూ స్టార్ట్ చేసి కాసేపు నడిపి ఆపేవారు. ఆయన పోయాక ఎవరూ ముట్టుకోలేదు.

ఇప్పటి పరిస్థితి: ఇంజన్ తిరగడం లేదు. ముందున్న పుల్లీ నట్‌కి పెద్ద పానా వేసి లాగినా కదలదు. క్లచ్ తొక్కితే పెడల్ కిందికి పోతోంది, కానీ గేర్‌లో ఉంటే బండి అంగుళం కూడా జరగదు. న్యూట్రల్‌లో పెడితే కష్టం మీద జరుగుతోంది. వెనక టైర్లు రెండూ చదునైపోయాయి. డీజిల్ టాంకు మూత తీస్తే పాత వార్నిష్ వాసన. సైలెన్సర్ గొట్టం మీద మూత లేదు.

ఊళ్ళో మెకానిక్ "కొత్త ట్రాక్టర్‌కి గొలుసు కట్టి మూడో గేర్‌లో లాగితే అదే విడిపోతుంది" అంటున్నాడు. నాన్నేమో తూకానికి అమ్మేయమంటున్నారు, కొట్టంలో చోటు కావాలంట. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, శని ఆదివారాలు ఊరెళ్తుంటాను. పొలం పనికి కాదు, నా చేతులతో బాగుచేసి నడుపుకోవాలని కోరిక. కారు ఆయిల్, బ్రేకుల పని వచ్చు. ఇంజన్ ఎప్పుడూ విప్పలేదు. ముందు ఇంజనా, పెయింటా? మొత్తం ఊడదీయాలా?

పాతఇనుము
గొలుసు కట్టొద్దు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ గొలుసు దాచేయండి.

మాగాణి
నాదీ అదే మాట. మా పక్క ఊళ్ళో ఒకాయన పట్టేసిన బండిని ఇలాగే లాగించారు. వెనక చక్రాలు తిరక్కుండా కొంత దూరం ఈడ్చుకుపోయి, ఒక్కసారిగా ఇంజన్ తిరిగింది. చూసేవాళ్ళంతా చప్పట్లు. తర్వాత హెడ్ (ఇంజన్ పైమూత) దించితే ఒక పిస్టన్ రింగులు ముక్కలై లైనర్‌ని (సిలిండర్ లోపలి గొట్టాన్ని) నిలువునా చీరేశాయి, కనెక్టింగ్ రాడ్ వంగింది. ఒక్క లైనర్ కిట్‌తో పోయే పని క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్టు) గ్రైండింగ్ దాకా వెళ్ళింది.

సీమరైతు
మరీ అంత భయపెట్టకండి. మా వైపు లాగి స్టార్ట్ చేయని బండి ఏదైనా ఉందా? బ్యాటరీ డౌన్ అయితే అందరం చేసే పనే. మా ఇంటి బండి చాలా ఏళ్ళు సెల్ఫ్ లేకుండానే నడిచింది, రాత్రి మిట్ట మీద ఆపడం, పొద్దున పల్లానికి వదిలేయడం.

పాతఇనుము
సీమరైతు గారూ, తిరిగే ఇంజన్‌ని లాగడం వేరు, పట్టేసిన ఇంజన్‌ని లాగడం వేరు. మీ బండి నిన్న నడిచింది, లోపల ఆయిల్ తడి ఉంది. దివిసీమోడు బండిలో పదేళ్ళుగా బేరింగులకి ఆయిల్ అందలేదు. చక్రం నుంచి గేర్‌బాక్స్ ద్వారా వచ్చే బలం చాలా ఎక్కువ. అది ఇంజన్‌ని అడగదు, తిప్పేస్తుంది లేదా విరిచేస్తుంది.

సీమరైతు
పట్టేసిన దాన్ని లాగమని నేనూ అనను. ఊరికే కదలనిది ఏదో, నిజంగా పట్టేసింది ఏదో ముందు తేల్చుకోండి అంటున్నా. కొన్నిసార్లు నీళ్ళ పంపు పట్టేసినా, డైనమో పట్టేసినా ఇంజన్ పోయిందనే అనుకుంటారు.

లేత్‌మేస్త్రి
సీమరైతు గారు చెప్పిన పాయింట్ మంచిది. బెల్టు తీసేసి చూడండి, ఖర్చు లేని పరీక్ష. అయితే సైలెన్సర్ మూత లేదన్నారు కాబట్టి నాకు సమాధానం దాదాపు తెలిసిపోయింది.

గుంటూరు ఆటోనగర్‌లో ఎక్కువ కాలం లేత్ మీదే పని చేశాను. పట్టేసిందని నా దగ్గరికి వచ్చిన బ్లాకుల్లో ఎక్కువ భాగం వాన నీటి వల్లే. గొట్టంలో పడ్డ నీళ్ళు మానిఫోల్డ్‌లోకి దిగుతాయి. ఇంజన్ ఆగినప్పుడు ఏ సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుని ఉందో అందులోకి పోతాయి. రింగులకీ లైనర్‌కీ మధ్య తుప్పు పట్టి అతుక్కుపోతుంది. అంటే మూడు సిలిండర్లూ పోయి ఉండవు, ఒకటే అయి ఉండవచ్చు. భయపడాల్సింది లేదు.

ఇలా చెయ్యండి. ముందు ఇంజన్ బయటి బురద, గడ్డి, ఎలుక గూళ్ళు అన్నీ శుభ్రంగా కడిగి తుడవండి. ముఖ్యంగా ఇంజెక్టర్ల (డీజిల్ చిమ్మే నాజిల్స్) చుట్టూ. లేకపోతే ఇంజెక్టర్ తీసిన నిమిషంలోనే ఆ మట్టి సిలిండర్‌లో పడుతుంది. తర్వాత మూడు ఇంజెక్టర్లూ తీసి, విప్పిన పైపుల మూతులకి పాలిథిన్ కట్టి రబ్బరు బ్యాండ్ వెయ్యండి. సగం డీజిల్, సగం ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఏటీఎఫ్ ఆయిల్ కలిపి, ఒక్కో సిలిండర్‌లో అర టీ గ్లాసు పోయండి. గుడ్డ కప్పి వదిలేయండి. వచ్చే వారం ఊరికి వచ్చినప్పుడు ఎంత దిగిందో చూసి మళ్ళీ పోయండి. దిగుతోందంటే లోపలికి పోతోందని అర్థం. తొందర వద్దు, నూనె చేసే పని చేతులు చెయ్యలేవు.

తర్వాత గేర్ న్యూట్రల్‌లో ఉందని చూసుకుని స్టార్టర్ విప్పండి. ఆ రంధ్రంలోంచి ఫ్లైవీల్ రింగ్ గేర్ పళ్ళు కనిపిస్తాయి. చిన్న గడ్డపార మొన ఆనించి ముందుకి కొంచెం, వెనక్కి కొంచెం. వెంట్రుకంత కదిలినా చాలు. కదిలినంత మేరా ఆడిస్తూ మళ్ళీ నూనె పోస్తూ ఉండండి. పూర్తి చుట్టు తిరిగేదాకా ఇంజెక్టర్లు బిగించొద్దు. సిలిండర్‌లో నూనె ఉండగా మూసేసి తిప్పితే ద్రవం నలగదు, రాడ్ వంగుతుంది. స్టార్టర్‌తో తిప్పే ప్రయత్నం అసలే వద్దు.

మీరు పోసినదంతా చివరికి రింగుల పక్కనుంచి చాంబర్‌లోకే (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకే) దిగుతుంది. స్టార్ట్ చేసే ముందు ఇంజన్ ఆయిల్ మొత్తం మార్చాలి, ఫిల్టర్‌తో సహా.

కొత్తపానా
మేస్త్రి గారూ, ఏటీఎఫ్ బదులు కిరోసిన్ పనికిరాదా? ఇంట్లో ఉంది.

లేత్‌మేస్త్రి
పనికొస్తుంది, కానీ పలచన, త్వరగా ఆరిపోతుంది. కాస్త ఇంజన్ ఆయిల్ కలపండి.

ఓరుగల్లు_జీటర్
దివిసీమోడన్నా, నువ్వు అదృష్టవంతుడివి, అది 1035. నా దగ్గర హెచ్‌ఎంటీ 2511 ఉంది. చెకోస్లొవేకియా వాళ్ళ జీటర్ డిజైన్, హర్యానాలోని పింజోర్‌లో తయారైంది. ఆ ట్రాక్టర్ల విభాగాన్నే 2016లో మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. చిన్న ఆయిల్ సీల్ కావాలన్నా పాత సామాన్ల కొట్లన్నీ వెతకాలి, లేదంటే పంజాబ్, హర్యానా వైపు తెలిసినవాళ్ళకి ఫోన్లు. నీకైతే విజయవాడ ఆటోనగర్‌లో నిలబడి 1035 అంటే చాలు, గాస్కెట్ నుంచి గేర్ దాకా కొత్తవి దొరుకుతాయి. తూకానికి మాత్రం ఇవ్వకు.

గోదారిగట్టు
దివిసీమ అంటే కృష్ణా డెల్టా బండి కాబట్టి ఇంజన్ గురించి నాకంత బెంగ లేదు. వెనక భాగం చూడండి. ఏళ్ళ తరబడి ఇనుప చక్రాలు వేసి దమ్ము చేసిన బండి అయి ఉంటుంది. బురద నీళ్ళలో యాక్సిల్ దాకా మునిగి తిరిగిన బండికి మొదట పోయేవి వెనక యాక్సిల్ ఆయిల్ సీళ్ళు. అక్కడినుంచి నీళ్ళు లోపలికి, ఆయిల్ బ్రేకుల మీదికి.

గేర్‌బాక్స్ కింద డ్రెయిన్ బోల్టు కొద్దిగా వదులు చేసి చూడండి. ముందు నీళ్ళు వస్తాయి, ఎందుకంటే నిలవున్న బండిలో నీళ్ళు అడుక్కి చేరతాయి. తర్వాత ఆయిల్ మజ్జిగలా తెల్లగా వస్తే నీళ్ళు కలిసి తిరిగినట్టు. 1035లో హైడ్రాలిక్ పంపు కూడా ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది కాబట్టి లిఫ్ట్ (వెనక పనిముట్లని లేపే చేతుల) ఆరోగ్యం కూడా అక్కడే తెలుస్తుంది.

వెనక టైర్లలో బరువు కోసం నీళ్ళు నింపారేమో మీ నాన్నని అడగండి. నింపి ఉంటే రిమ్ములు లోపలినుంచి తిని ఉంటాయి. బయట పెయింట్ బాగానే ఉంటుంది, వాల్వు చుట్టూ గోరుతో గీకితే పెచ్చులు ఊడతాయి.

దివిసీమోడు
అందరికీ థాంక్స్. బెల్టు తీసి చూశాను, అయినా తిరగలేదు. మేస్త్రి గారు చెప్పినట్టే నూనె పోసి వచ్చాను. వెనక టైర్లలో నీళ్ళు ఉన్నాయని నాన్న చెప్పారు. దమ్ము బండే, మా తాత చుట్టుపక్కల ఊళ్ళకి కూడా తీసుకెళ్ళేవారట. నాన్న ఇంకా అమ్మకం మాటే మాట్లాడుతున్నారు కానీ, నీళ్ళ సంగతి చెప్తూ ఆ కథలు కూడా చాలాసేపు చెప్పారు.

మాగాణి
నాన్నగారు సగం దారికి వచ్చినట్టే. తర్వాతిసారి ఆయన చేతికి ఒక పానా ఇవ్వండి.

కోవెంట్రీ_తెలుగోడు
నేనుండే ఊరు, ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ, ఈ బండికి పుట్టిల్లు కాబట్టి రెండు ముక్కలు. హ్యారీ ఫెర్గూసన్ పేరుతో 1946 నుంచి 1956 దాకా ఇక్కడి బ్యానర్ లేన్ ఫ్యాక్టరీలో టీఈ20 అనే చిన్న బూడిదరంగు ట్రాక్టర్ తయారైంది, 5 లక్షలకు పైగా. దాని తర్వాత వచ్చింది ఫెర్గూసన్ 35, అదే మాసీ ఫెర్గూసన్ 35 అయింది. 1959 నుంచి దానికి పెర్కిన్స్ మూడు సిలిండర్ల డీజిల్ ఇంజన్ వచ్చింది. చెన్నైలో టాఫే 1960లో మొదలైంది, అదే కుటుంబంలోని సింప్సన్ కంపెనీ పెర్కిన్స్ డిజైన్ ఇంజన్లు చేసేది. దివిసీమలో దమ్ము చేసిన బండి మూలం ఇదీ.

వెనక నాగలిని మూడు చోట్ల పట్టుకుని లేపే పద్ధతి ఉంది కదా, దాన్ని హైడ్రాలిక్‌తో కలిపి పొలంలో పనికొచ్చేలా చేసిన ఘనత ఆ ఫెర్గూసన్‌దే. ఇవాళ ఏ కంపెనీ ట్రాక్టర్ వెనక చూసినా ఆ మూడు చేతులే కనిపిస్తాయి. ఇక్కడ పాత 35లను బాగుచేసి పండగల్లో వరసగా నడిపే వాళ్ళు వందల్లో ఉన్నారు. మన దగ్గర అలాంటి బండ్లు తూకానికి పోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

సీమరైతు
అయితే మన దేశంలో మొదటి ట్రాక్టర్ మాసీయేనా? మా నాన్న ఎప్పుడూ మహీంద్రా అనేవారు.

కోవెంట్రీ_తెలుగోడు
రెండూ కాదు. మన దేశంలో తయారైన మొదటిది ఐషర్, 1959లో, ఫరీదాబాద్‌లో. మహీంద్రా వాళ్ళు ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి బీ-275 తెచ్చింది 1965లో. మన సొంత డిజైన్ అంటే దుర్గాపూర్‌లో రూపుదిద్దుకుని మొహాలీ నుంచి 1974లో వచ్చిన స్వరాజ్ 724.

ఓరుగల్లు_జీటర్
జీటర్ పేరు మధ్యలో ఎగరగొట్టారు, గమనించాను 😀

కొత్తపానా
అక్కడినుంచే 35 సామాన్లు తెప్పించుకోవచ్చు కదా?

కోవెంట్రీ_తెలుగోడు
కొన్ని సరిపోతాయి, కొన్ని సరిపోవు. ఇండియాలో ఇన్నేళ్ళలో చాలా మార్చారు. పాత ముక్క చేతిలో పట్టుకుని ఆటోనగర్‌లో పక్కపక్కన పెట్టి చూసి కొనడమే మేలు.

దివిసీమోడు
కొత్త సంగతి. నూనె పోసి ఆడిస్తూ వచ్చాను. కొంచెం కదిలింది కానీ ఒక చోట ఆగిపోతోంది. అందుకే హెడ్ దించాను. మేస్త్రి గారి అంచనా నిజమైంది: మొదటి రెండు సిలిండర్లు మెరుస్తున్నాయి, మూడో దానిలో గోడ మీద ఎర్రటి తుప్పు పట్టీ. వేలితో తడిమితే గరుకు తెలుస్తోంది. ఇప్పుడేం చెయ్యాలి? ఎమరీ పేపర్ పెట్టి రుద్దితే సరిపోతుందా?

లేత్‌మేస్త్రి
మీరు హెడ్ దించడం సరైన నిర్ణయం. ఆ తుప్పు పట్టీని కిరోసిన్ తడిపిన గుడ్డతో, మెత్తటి స్కాచ్ బ్రైట్‌తో తీయండి. పొడి కిందికి రాలకుండా పిస్టన్ చుట్టూ గ్రీజు పూయండి, అందులో అంటుకుంటుంది, తర్వాత తుడిచేయండి. పని అయ్యాక గోరు పెట్టి గీయండి. గోరు తగులుకునే గుంట ఉంటే లైనర్ మార్చాల్సిందే. మరక మాత్రమే మిగిలి గోరు జారిపోతే ఉంచేయవచ్చు.

ఇక తిప్పడం. ఇది మూడు సిలిండర్ల క్రాంక్, ఒక్కోటి 120 డిగ్రీల తేడా. ఒక పిస్టన్ పైకొస చేరితే మిగతా రెండూ దారి మధ్యలో ఉంటాయి. పైకొసలో ఉన్న పిస్టన్ మీద కొడితే ఏమీ కదలదు, బేరింగ్ మీద దెబ్బ పడుతుంది. దారి మధ్యలో ఉన్న దాని మీద టేకు దిమ్మ నిలబెట్టి, రబ్బరు సుత్తితో తడుతూ, ఇంకొకరు ఫ్లైవీల్‌ని అదే వైపు తిప్పుతూ ఉండాలి. ఇద్దరి పని ఇది.

మాగాణి
నాన్నగారికి పానా వద్దు, సుత్తి ఇవ్వండి.

మెకానికల్_మేడమ్
పాలిటెక్నిక్‌లో చెప్తాను, మా పిల్లలతో కలిసి కాలేజీ షెడ్‌లో పాత ఇంజన్లు విప్పుతుంటాం. ఇంజన్ సంగతి మేస్త్రి గారు చూస్తున్నారు కాబట్టి నేను తుప్పు సామాను గురించి చెప్తాను. లింకేజీ చేతులు, పిన్నులు, బ్రాకెట్లు, పెడల్స్ లాంటివి వైర్ బ్రష్‌తో గీకుతూ కూర్చోనక్కర్లేదు. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్ళు, అందులో కొద్దిగా చాకలి సోడా. బ్యాటరీ చార్జర్ నెగిటివ్ తుప్పు పట్టిన ముక్కకి, పాజిటివ్ పనికిరాని మామూలు ఇనుప రేకుకి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. రాత్రంతా ఉంచితే తుప్పు నల్లటి పొరగా మారి బ్రష్‌కి ఊడి వస్తుంది. మంచి ఇనుము అరగదు.

జాగ్రత్తలు ముఖ్యం. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, మండుతుంది, కాబట్టి ఆరుబయట చెయ్యండి. రేకు బదులు స్టీలు గిన్నె వాడొద్దు, అందులోని క్రోమియం విషమై నీళ్ళలో కలుస్తుంది. అల్యూమినియం ముక్కలు డ్రమ్ములో వెయ్యొద్దు, సోడా తినేస్తుంది. చార్జర్ ఆపకుండా చెయ్యి పెట్టొద్దు.

ఇంకొకటి: ఇసుక బ్లాస్టింగ్ చేయించమని ఎవరైనా చెప్తారు. రేకులకి, రిమ్ములకి సరే. ఇంజన్, గేర్‌బాక్స్ మీద మాత్రం వద్దు. ఒక్క ఇసుక రేణువు సీల్ సందులో దూరినా బేరింగ్ పోతుంది. ఆ ఇసుక దుమ్ము ఊపిరితిత్తులకి కూడా చాలా చేటు.

బ్రేకు డ్రమ్ములు విప్పినప్పుడు లోపలి దుమ్ముని గాలితో ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. నీళ్ళతో తడిపి తుడవండి.

గోదారిగట్టు
ఆ ఆస్బెస్టాస్ మాట ఇంతవరకు ఏ షెడ్‌లోనూ వినలేదు. మా దగ్గర కుర్రాళ్ళు కంప్రెసర్ గొట్టం పెట్టి ముఖం మీదికే ఊదుకుంటారు. రేపే చెప్తాను.

పాతఇనుము
డీజిల్ టాంకు గురించి ఎవరూ చెప్పలేదు. దించి, గుప్పెడు పాత నట్లు, సన్న గొలుసు ముక్క వేసి, సిట్రిక్ యాసిడ్ లేదా వెనిగర్ నీళ్ళతో నింపి ఊపుతూ ఉండండి. పారబోశాక వంట సోడా నీళ్ళతో కడగాలి, లేకపోతే మర్నాడే మళ్ళీ ఎర్రబడుతుంది. చివర్లో డీజిల్‌తో కడిగి ఆరబెట్టండి. కారుతున్న చోట వెల్డింగ్ పెట్టించే ఆలోచన ఉంటే మానుకోండి. ఖాళీ టాంకులో మిగిలిన ఆవిరి చాలు పేలడానికి.

పంపు, నాజిల్స్ మాత్రం ఇంట్లో విప్పొద్దు. కాలిబ్రేషన్ మెషీన్ ఉన్న షాపుకే ఇవ్వండి. పదేళ్ళ డీజిల్ ఎండి లోపల జిగురై ఉంటుంది.

దివిసీమోడు
ఇంజన్ తిరిగింది!! దిమ్మ పట్టుకుంది నాన్న. ఆయన పట్టుకుంటారని అనుకోలేదు. మూడో లైనర్‌లో గోరు తగిలింది కాబట్టి పిస్టన్, లైనర్ కిట్ వేయిస్తున్నాను. ఒకటేనా, మూడూ మార్చాలా అని షాపులో అడిగితే మూడూ అన్నారు.

సీమరైతు
షాపువాడు మూడూ అనకుండా ఉంటాడా. మిగతా రెండూ మెరుస్తున్నాయన్నారుగా, కొలతలు తీయించి మాట్లాడండి. నడిపేది పండగలకి.

లేత్‌మేస్త్రి
ఈసారి సీమరైతు గారితో నేనూ కొంతవరకే ఒప్పుకుంటాను. బోర్ గేజ్‌తో పైన, మధ్యన, కింద కొలిపించండి. పైభాగంలో రింగులు తిరిగే చోట మెట్టు తెలిస్తే అరిగినట్టే. కొలత బాగుంటే రెండింటికీ హోనింగ్ (గోడని సన్నగా రాపిడి పెట్టడం), కొత్త రింగులు చాలు. అయితే చాంబర్ దించడం ఎలాగూ తప్పదు కాబట్టి బేరింగులు మాత్రం అన్నీ చూడండి. పాత బేరింగ్ వెనక స్టాండర్డా, 10 థౌ (అంగుళంలో వెయ్యోవంతులు) అండర్‌సైజా అన్నది రాసి ఉంటుంది. ఆ గుర్తు చూసి, జర్నల్స్ కొలిపించి అదే సైజు తెండి.

హెడ్ ఎక్కించాక టాపెట్ల (వాల్వుల) సందు చల్లటి ఇంజన్ మీద 0.012 అంగుళం. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) 1-2-3. గుర్తుపెట్టుకోవడానికి ఇంతకంటే తేలికైన ఇంజన్ లేదు.

దివిసీమోడు
క్లచ్ ఇంకా పట్టుకునే ఉంది. దీనికి ఇంజన్, గేర్‌బాక్స్ విడదీయాల్సిందేనా?

సీమరైతు
అక్కర్లేదు. పెడల్ తొక్కి కర్ర ఆనించి వదిలేయండి. తర్వాత ఖాళీ పొలంలో గేర్‌లోనే స్టార్ట్ చేసి, క్లచ్ తొక్కి పట్టి బ్రేకు కొడుతూ నడిపితే టక్‌మని ఊడిపోతుంది.

పాతఇనుము
ఆ బ్రేకులే పనిచేయడం లేదని గోదారిగట్టు గారు అనుమానిస్తున్నారు. బ్రేకు లేని బండిని, క్లచ్ విడవని బండిని గేర్‌లో స్టార్ట్ చేస్తే ఆపేది ఎవరు? పైగా ట్రాక్టర్ బోల్తా పడితే కాపాడే చట్రం ఈ పాత బండ్లకి లేదు. వద్దు.

గోదారిగట్టు
విడదీయండి. నీళ్ళు తిన్న బండి, క్లచ్ ప్లేట్లు ఎలాగూ మార్చాలి, క్రాంక్ వెనక ఆయిల్ సీల్ కూడా అప్పుడే అయిపోతుంది. ఈ బండికి కారుకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ లేదు. ఇంజన్, గేర్‌బాక్స్ ఒంటి పెట్టె, అవే దాని వెన్నెముక. కాబట్టి మధ్యలో బోల్టులు విప్పితే బండి రెండు ముక్కలవుతుంది.

ప్రమాదం ఎక్కడుందంటే ముందు యాక్సిల్‌లో. అది నడుమ ఒక్క పిన్ మీద ఊగుతుంది. విడదీశాక ఇంజన్ పక్కకి ఒరిగిపోతుంది. అందుకని విప్పే ముందే యాక్సిల్‌కీ, పైనున్న దిమ్మకీ మధ్య రెండు పక్కలా ఏటవాలుగా కోసిన చెక్క ముక్కలు సుత్తితో గట్టిగా దిగ్గొట్టాలి. గేర్‌బాక్స్ కింద లారీ జాకీ ఒక్కటే చాలదు, ఇనుప స్టాండ్లు పెట్టాలి. గట్టి నేల కావాలి, కొట్టంలో మట్టి నేల అయితే కింద మందపాటి పలక వేయండి. వెనక చక్రాలకి ముందూ వెనకా అడ్డు. ముగ్గురికి తక్కువ కాకుండా ఉండండి.

ఓరుగల్లు_జీటర్
అన్నా, విప్పిన ప్రతి బోల్టూ ఎక్కడిదో ఫోన్‌లో ఫోటో తీసి, డబ్బాల మీద రాసి పెట్టు. గుర్తుంటుంది అనుకుంటాం, ఉండదు.

రోడ్డుపన్ను
మధ్యలో ఒక మాట. రోడ్డెక్కించే ఆలోచన ఉంటే ఆర్‌సీ ఎక్కడుందో ఇప్పుడే వెతకండి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళే చెల్లుతుంది, తర్వాత అయిదేసి ఏళ్ళకి రెన్యువల్. తనిఖీలో ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు చూస్తారు కాబట్టి ఆ నంబర్ల మీద గ్రైండర్ పెట్టొద్దు, మందంగా పుట్టీ, పెయింట్ వెయ్యొద్దు. తాతగారి పేరు మీదే ఉంటే ముందు వారసుల పేరుకి మార్పించుకోవాలి. ఇన్సూరెన్స్ లేకుండా ఊరి రోడ్డు మీదికి కూడా తేవద్దు.

దివిసీమోడు
ఆర్‌సీ అమ్మమ్మ ట్రంకు పెట్టెలో దొరికింది. పేరు మార్పు పని మొదలుపెట్టాం.

బండి విడదీసి క్లచ్ మార్చాం, వెనక యాక్సిల్ సీళ్ళు, బ్రేకు లైనింగులు కొత్తవి. గోదారిగట్టు గారు చెప్పినట్టే డ్రమ్ముల నిండా ఎండిన బురద. వచ్చే వారం స్టార్ట్ చెయ్యాలని. ఇంకేమైనా మర్చిపోయామా?

లేత్‌మేస్త్రి
మొదటి స్టార్ట్‌కి ముందు ఇవి తప్పకుండా.

ఎయిర్ క్లీనర్ ఆయిల్ బాత్ రకం అయితే గిన్నెలో గుర్తు దాకే ఆయిల్. ఎక్కువ పోస్తే ఇంజన్ ఆ ఆయిల్‌నే పీల్చుకుని మండించుకుంటుంది. అప్పుడు డీజిల్ ఆపినా ఇంజన్ ఆగదు, స్పీడు పెరుగుతూ పోతుంది. పంపు లోపల ఇరుక్కున్నా అదే పరిస్థితి. అందుకని గాలి పీల్చే గొట్టం మూతికి సరిపడే మందపాటి చెక్క పలక పట్టుకుని ఒక మనిషి సిద్ధంగా నిలబడాలి. స్పీడు అదుపు తప్పితే పలకతో గాలి మూసేయడమే. చెయ్యి అడ్డం పెట్టొద్దు, గుడ్డ అసలే వద్దు, లోపలికి లాగేస్తుంది.

స్టాప్ లివర్ లాగి పట్టి, డీజిల్ పోకుండా, సెల్ఫ్‌తో కాసేపు తిప్పండి. ఆయిల్ ప్రెషర్ గేజ్ ముల్లు లేచాకే డీజిల్ వదలండి. తర్వాత ఫిల్టర్, పంపు, ఇంజెక్టర్ యూనియన్లు వరసగా వదులు చేసి గాలి తీయండి, బుడగలు లేకుండా డీజిల్ వచ్చేదాకా. స్ప్రే అయ్యే డీజిల్‌కి చెయ్యి అడ్డం పెట్టొద్దు, ఆ ప్రెషర్‌కి చర్మంలోకి దిగుతుంది.

రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోయకండి, కూలెంట్ కలిపిన మంచినీళ్ళు పోయండి.

మాగాణి
లుంగీలు, కండువాలు, చున్నీలు ఉన్నవాళ్ళు ఆ రోజు ఫ్యాన్ దగ్గరికీ, వెనక పీటీఓ (పనిముట్లని తిప్పే షాఫ్టు) దగ్గరికీ రాకూడదు. చూడ్డానికి ఊరంతా వస్తుంది, ముందే గీత గీయండి.

దివిసీమోడు
స్టార్ట్ అయింది. గాలి తీశాక కొద్దిసేపు తిప్పితే తెల్లటి పొగ, ఒక్కో సిలిండర్ అందుకుంటూ మూడూ కలిశాయి. ఆయిల్ ప్రెషర్ బాగుంది. పలక పట్టుకున్నది మా బాబాయ్, అవసరం రాలేదు. నాన్న తూకం మాట ఎత్తడం లేదు, కొత్త టైర్ల మాట ఎత్తుతున్నారు.

ఒకే సమస్య, లిఫ్ట్ లేవడం లేదు. పంపు విప్పాలా?

గోదారిగట్టు
పీటీఓ లివర్ ఎక్కడుంది?

దివిసీమోడు
మధ్యలో.

గోదారిగట్టు
అదే. ఈ బండిలో హైడ్రాలిక్ పంపుని తిప్పేది పీటీఓ షాఫ్టే. లివర్ న్యూట్రల్‌లో ఉంటే పంపు తిరగదు, లిఫ్ట్ లేవదు. క్లచ్ తొక్కి ఎంగేజ్ చేసి, చేతులు లేచేదాకా కాస్త ఓపిక పట్టండి, కొత్త ఆయిల్ కదా.

దివిసీమోడు
లేచింది! రెండు చేతులూ సమంగా లేచాయి.

ఇక పెయింట్. నా ఆలోచన మొత్తం గీకించి, బానెట్, మడ్‌గార్డులు ఎరుపు, ఇంజన్, గేర్‌బాక్స్ బూడిదరంగు, షోరూమ్‌లోంచి వచ్చినట్టు.

మెకానికల్_మేడమ్
నా అభిప్రాయం వేరు. తుప్పు తిన్న రేకులు, రిమ్ములు చేయించండి. మిగతాది ఉంచేయండి. మీ తాతగారి మోచెయ్యి ఆని అరిగిన మడ్‌గార్డు, స్టీరింగ్ మీద చేతులు అరగదీసిన చోటు కొత్త పెయింట్ కిందికి పోతే మళ్ళీ రావు. పెయింట్ ఎప్పుడైనా వేయవచ్చు.

సీమరైతు
మేడమ్, ఎండా వానా తెలియని షెడ్‌లో పెట్టుకునే వాళ్ళకి ఆ మాట. మన ఎండకి, మన తేమకి పూత లేని ఇనుము ఎన్నాళ్ళు నిలుస్తుంది? రెడ్ ఆక్సైడ్ కొట్టి నిండా పెయింట్ వెయ్యడమే దానికి మర్యాద. తాతగారు ఉంటే ఆయనా అదే చేయించేవారు.

కోవెంట్రీ_తెలుగోడు
ఇక్కడా ఈ రెండు పార్టీలూ ఉన్నాయి, ఏ ప్రదర్శనకి వెళ్ళినా వాదనే. ఒక్కటి మాత్రం అందరూ ఒప్పుకుంటారు: బ్రేకులు, స్టీరింగ్, సీళ్ళు అయ్యాకే పెయింట్. మెరిసే బానెట్ కింద ఆయిల్ కారే ఇంజన్ పెట్టుకోవడం శుద్ధ దండగ.

దివిసీమోడు
మేడమ్ మాటకి నాన్న వెంటనే ఒప్పుకున్నారు. స్టీరింగ్, సీటు, ఎడమ మడ్‌గార్డు ముట్టుకోవడం లేదు. బానెట్, రిమ్ములు, కుడి మడ్‌గార్డు చేయిస్తున్నాం. రెండు ఎరుపుల తేడా కనిపిస్తే కనిపించనీ.

మెకానికల్_మేడమ్
ఉంచేసిన చోట్ల గ్రీజు మరకలు కడిగి, పూర్తిగా ఆరాక పల్చగా వ్యాక్స్ పూయండి. ఏడాదికి రెండుసార్లు చాలు. పీయూ (పాలీయురెథేన్) పెయింట్ స్ప్రే చేసే మనిషికి గుడ్డ మాస్కు చాలదు, కార్ట్రిడ్జ్ మాస్కు ఇప్పించండి.

కొత్తపానా
ఈ చర్చ మొత్తం ప్రింట్ తీసుకున్నాను. మా అత్తగారి ఊళ్ళో బీ-275 ఉంది, నాలుగు సిలిండర్లు, సైలెన్సర్ మీద డబ్బా బోర్లించి ఉంది, ఇంజన్ చేత్తో తిరుగుతోంది, కానీ స్టీరింగ్ పావు చుట్టు తిప్పినా ముందు చక్రాలు కదలడం లేదు. ఇక్కడే అడగనా, వేరే టాపిక్ పెట్టనా?

పాతఇనుము
వేరే టాపిక్ పెట్టండి. ముందు చక్రాలు జాకీ మీద లేపి, స్టాండ్ పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. ఊగితే కింగ్ పిన్ బుష్‌లు, హబ్ బేరింగులు. ఊగకపోతే టై రాడ్ ఎండ్లు, ఆ తర్వాత స్టీరింగ్ బాక్స్. ఏది ఊగిందో రాసి, ఫోటోలు పెట్టండి.